‘టేక్’కు ఒక్క అర్థం చాలదు

సంపాదకుల వారికి,

అయ్యా,

‘గో అంటే వెళ్ళు, గివ్ అంటే ఇవ్వు, టేక్ అంటే తీసుకొను’ అని క్రియలకు ఒక్కొక్క అర్థం చొప్పున పట్టిక రాయించి, దాన్నే పిల్లల చేత వల్లె వేయించే పద్ధతి మన గుంటూరు ట్యూషన్లలో ఇంకా కొనసాగుతోంది. ‘టేక్’ ఒక్కదాన్ని పరిశీలించినా ఇందులోని లోపం తెలుస్తుంది.

ఫొటో అయితే ‘టేక్’ అంటే తీయడం, మాత్ర అయితే వేసుకోవడం, బస్సు అయితే ఎక్కడం. విజయవాడ చేరడానికి గంట ‘టేక్స్’ అన్నప్పుడు పట్టడం. పక్కన ‘ఆఫ్’ చేరితే గన్నవరంలో విమానం పైకి లేస్తుంది, అదే ‘ఆఫ్’తో ఇంట్లో మనిషి చొక్కా విప్పుతాడు, ‘ఆఫ్టర్’ చేరితే కూతురికి తల్లి పోలిక వస్తుంది. వీటిలో చాలావాటికి ‘తీసుకొను’ అతకదు. పరీక్ష సంగతి మరీ చిత్రం. మనం పరీక్ష రాస్తాం కనుక ఇంగ్లీషులోనూ ‘రైట్’ అంటాం, హిందీవారు ఇస్తారు కనుక ‘గివ్’ అంటారు, ఇంగ్లండు, అమెరికా వారు మాత్రం ‘టేక్’ అంటారు. మన వాడుకను తప్పనడానికి నాకు మనసొప్పదు గాని, ఆ ‘టేక్’ విన్నప్పుడు పరీక్ష పెట్టేవారెవరో, రాసేవారెవరో విద్యార్థికి తెలియాలి.

అసలు ఈ మాట ఇంగ్లీషువారి సొంతం కూడా కాదు. ఇదే అర్థంలో వారు వాడిన పాత క్రియ ‘నిమన్’ను, స్కాండినేవియా వారి పాత భాష నార్స్ నుంచి వచ్చిన ‘తాక’ వెళ్ళగొట్టింది. (వినడానికి దగ్గరగా ఉన్నా మన ‘తాకు’తో దీనికి చుట్టరికం లేదు.) మొద్దుబారడాన్ని చెప్పే ‘నంబ్’ వంటి ఒకటి రెండు మాటల్లోనే ఆ పాత క్రియ జాడ మిగిలింది.

ఒకే క్రియ పలు పనులు చేయడం తెలుగు పిల్లలకు కొత్తేమీ కాదు. జలుబు పట్టింది, తుప్పు పట్టింది, నిద్ర పట్టింది, దొంగను పోలీసు పట్టాడు అంటాం. ఇంటి భాషలో ఇన్ని ‘పట్టు’లను తడుముకోకుండా వాడే పిల్లవాడికి ఇంగ్లీషు దగ్గరకు రాగానే ఒక్కటే అర్థం అప్పగించడం అతని తెలివిని తక్కువగా అంచనా వేయడమే. ‘టేక్ మెడిసిన్’, ‘టేక్ ఎ బస్’, ‘టేక్ టైమ్’ అని క్రియను దానితో నడిచే నామంతో కలిపి, పూర్తి వాక్యంలో నేర్పితే అతనే పోల్చుకుంటాడు.

కనుక రాష్ట్ర పాఠ్యపుస్తకాలను రూపొందించే ఎస్‌సీఈఆర్‌టీ వారు, కనీసం ఆరో తరగతి నుంచైనా, ఇటువంటి క్రియలకు విడి అర్థాల బదులు నాలుగైదు వాక్యాల చొప్పున ఇవ్వాలనీ, ఉపాధ్యాయ శిక్షణలోనూ దీనికి ఒక పూట కేటాయించాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు.