26 గుడ్డ శెనక్కాయలు

సంపాదకుల గారికి,

మీ ఆదివారం పిల్లల పేజీ గురించి ఒక మాట చెబుదామని ఈ ఉత్తరం. కానీ సంగతి మా మనవడి స్కూలు దగ్గర నుంచి చెప్పుకురావాలి.

మాది ధర్మవరం. కరెంటు ఆఫీసులో బిల్లుల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాక, నాలుగేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో కొడుకు దగ్గర ఉంటున్నాను. మనవడు యూకేజీ. క్లాసులో 26 మంది. తెలుగు పిల్లలు తొమ్మిది మంది, తక్కినవాళ్లు కన్నడ, తమిళ, మలయాళ, హిందీ, పంజాబీ, బెంగాలీ ఇళ్ల పిల్లలు, ఒక అస్సాం పాప. క్రిస్మస్ సెలవులకు ముందు స్కూల్లో 'మల్టీకల్చరల్ హాలిడే స్టోరీటైమ్' అని పెడతారు. అవ్వాతాతలను పిలిచి పండుగ కథలు చెప్పిస్తారు. పోయినేడాది నేనూ సంబరంగా వెళ్లాను.

వెళ్లి భంగపడ్డాను. 45 నిమిషాల్లో ఎనిమిది పండుగలు! లిస్టు ఎవరో అమెరికా స్కూలుది చూసి రాసుకున్నట్టున్నారు. క్రిస్మస్, హనుక్కా (యూదుల దీపాల పండుగ), క్వాంజా, ఆపైన మనవి కొన్ని. క్వాంజా అక్కడి నల్లజాతివాళ్లు 1966 నుంచి, డిసెంబరు 26 మొదలు జనవరి 1 దాకా చేసుకునే పండుగ. అక్కడి క్లాసులో ఆ ఇళ్ల పిల్లలుంటారు కాబట్టి చెప్పాల్సిందే. మా క్లాసులో అలాంటి ఇల్లు ఒక్కటీ లేదు. ఉన్న అస్సాం పాప వాళ్ల సంక్రాంతి పండుగ మాఘ బిహు మాత్రం లిస్టులోకి రాలేదు. హనుక్కాది నిజానికి మంచి కథ. ఒక్క రోజుకు సరిపడా నూనెతో గుడిలో దీపం ఎనిమిది రోజులు వెలిగిందట. ఒక ప్రమిద చేతిలో పెట్టుకుని చెబితే, ఇంట్లో కార్తీక దీపాలు చూసిన పిల్లలు నోరు తెరుచుకుని వినరూ? తెర మీద ఫొటో చూపించి తర్వాతి పండుగకు వెళ్లిపోయారు.

నా వంతు ఆరోది. తప్పు నాదీ ఉంది. కాగితం మీద రాసుకుని మరీ వెళ్లి, సూర్యుడు మకర రాశిలో ప్రవేశించడాన్ని సంక్రాంతి అంటారని మొదలుపెట్టాను. నాలుగేళ్ల పిల్లలకు! ముందు వరసలో ఒక బుడ్డోడు "లోపలికి పోయి మళ్లీ బయటికి ఎప్పుడొస్తాడు?" అని అడిగాడు. నేను నీళ్లు నమిలాను. అప్పటికే సగం మంది బోర్లా పడుకుని కార్పెట్ దారాలు పీకుతున్నారు. మా వాడు పంచె జారిపోతోందని ఏడుపు. ఆ పంచెకూ కండువాకూ అద్దె 600 రూపాయలు. ధర్మవరం వాళ్లమై ఉండి పంచె అద్దెకు తెచ్చుకున్నాం, ఏం చెప్పను!

ఈ ఏడాది టీచరమ్మ (మైసూరు వైపు అమ్మాయి, ఓపిక ఎక్కువ) దసరా కాగానే ఫోన్ చేసి "అమ్మా, ఈసారి ఎలా చేద్దాం?" అంది. ఒక రోజుకు ఒక్క కథే పెట్టమన్నాను. నవంబరు నుంచి సంక్రాంతి దాకా శుక్రవారాలు ఎన్నొస్తే అన్ని. పండుగ విశేషాలు వద్దు, డ్రెస్సులు వద్దు, చేత్తో పట్టుకునే వస్తువు ఒకటి ఉండాలి. ఆ వయసు పిల్లలు పది పన్నెండు నిమిషాలు కుదురుగా కూర్చుంటే అదే గొప్ప.

నేను కడలెకాయి పరిషె కథ తీసుకున్నాను. కార్తీకం చివరి సోమవారం బసవనగుడిలో దొడ్డ బసవణ్ణ (పెద్ద నంది) గుడి దగ్గర జరిగే శెనక్కాయల జాతర ఇక్కడున్న మనవాళ్లకు తెలిసిందే. ఒకప్పుడు అక్కడ సుంకేనహళ్లి, మావళ్లి ఊళ్లలో శెనక్కాయ చేలుండేవట. పున్నమి రాత్రి ఒక ఎద్దు వచ్చి మేసిపోయేదట. రైతులు కాపుకాసి మీదపడితే అది రాయైపోయిందట. అయ్యో అనుకుని, ఏటా తొలి పంట నీకే పెడతామని మొక్కుకున్నారట. కర్రలతో కొట్టే ముక్క మాత్రం నేను మింగేశాను.

ఉమ్మడి అనంతపురం జిల్లా మనిషికి శెనక్కాయ కథ ఒక లెక్కా అనుకుని ఐదు కిలోలు తెచ్చిపెట్టాను. రెండు రోజుల ముందు టీచర్ ఫోన్. ఒక పాపకు శెనక్కాయ పడదు, తొక్క తగిలినా దద్దుర్లు, క్లాసులోకి ఒక్క కాయ కూడా తేవద్దంది. ఒకటే టెన్షన్. చివరికి కోడలి పాత గోధుమరంగు చుడీదార్ కత్తిరించాను. చిన్న సంచిలా కుట్టి, దిండులోని దూది కూరి, నడుముకు దారం బిగిస్తే రెండు గింజల కాయ ఆకారం వచ్చేసింది. పైన సూదితో గళ్లు గళ్లుగా కుట్టు వేస్తే తొక్క. మొదటిది చింతకాయలా వచ్చింది. మూడోదానికల్లా చెయ్యి తిరిగింది. కొన్నిటికి రెండు చోట్ల దారం కట్టి మూడు గింజలవి చేశాను, చేలో కూడా అన్నీ ఒకేలా ఉండవు కదా. రాత్రి పదకొండుకు 26 పూర్తయ్యాయి.

మనిషికొక కాయ ఇచ్చాను. ఎద్దు వచ్చినప్పుడల్లా అందరూ కాయ వెనక్కి దాచి "కడ్లెకాయి యారు తింద్రు?" (శెనక్కాయలు ఎవరు తిన్నారు?) అని అరవాలి. నాలుగోసారికి పక్క క్లాసు టీచర్ తలుపు తీసి చూసింది. శెనక్కాయ పడని పాప గొంతే అందరికంటే పెద్దది. మధ్యలో, మీ ఇంట్లో దీన్నేమంటారని అడిగాను. వేర్కడలై, మూంగ్‌ఫలీ, చీనాబాదాం వచ్చాయి. మన పిల్లల దగ్గరే గొడవ. హైదరాబాదు వాళ్లబ్బాయి పల్లీ అంటాడు, కర్నూలు పిల్ల బుడ్డలు అంటుంది, మా వాడు శెనక్కాయే. ఒక పంజాబీ బాబు లేచి, మా నానీ ఇంట్లో లోహ్రికి వీటిని మంటలో వేస్తామన్నాడు. సంక్రాంతి ఎళ్ళు-బెల్లంలో (నువ్వులు, బెల్లం) ఇవి కలుపుతామని కన్నడ పిల్లలు చెప్పారు. నేను పిలవకుండానే రెండు పండుగలు వచ్చి కూర్చున్నాయి. అయిపోయాక ఒక పాప "ఎద్దు సారీ చెప్పిందా?" అంది.

డిసెంబరులో క్రిస్మస్ వారం గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక నానమ్మ చెప్పారు. శాంటా ఊసే లేదు. చిన్నప్పుడు వెదురు బద్దలకు రంగు కాగితం అంటించి నక్షత్రం చేసి, లోపల దీపం పెడితే అది సగం కాలిపోయిన కథ. మా వాడు ఇంటికొచ్చి నాకే చెప్పాడు.

అంతా ఇంగ్లీషులోనే ఉండాలని స్కూలువాళ్లు మొదట పట్టుబట్టారు. 2020 జాతీయ విద్యా విధానమే, వీలైన చోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో పాఠాలు చెప్పమంటోంది. కథకేం వచ్చింది అడ్డం? మూడు భాషల ముక్కలు కలిపి చెప్పాను, ఒక్కరూ అర్థం కాలేదనలేదు.

ఇక మీ పిల్లల పేజీ. పండుగ వస్తే అందులో వేసేవి విశిష్టత, ప్రాశస్త్యం, ఏ పురాణంలో ఏముంది. అవి మాలాంటి పెద్దవాళ్లు చదువుకునేవి. ఐదేళ్ల పిల్లలకు పది నిమిషాల్లో చదివి వినిపించే కథ, మళ్లీ మళ్లీ వచ్చే వాక్యం ఒకటి, వంటింట్లో దొరికే వస్తువు ఒకటి ఉండేలా వారానికొకటి వేయరాదా? అక్షరాలు కాస్త పెద్దవిగా, మా కళ్లద్దాలకు అందేలా. చైత్ర పున్నమికి ముందు బెంగళూరు కరగం (పూలతో అలంకరించిన కుండను తల మీద పెట్టుకుని ఊరేగే ఉత్సవం) కథతో మొదలుపెట్టండి. ధర్మరాయస్వామి గుడి నుంచి బయల్దేరిన కరగం దారిలో తవక్కల్ మస్తాన్ దర్గా దగ్గర ఆగి వెళ్తుంది. దాన్ని యూకేజీ పిల్లలకు ఎలా చెప్పాలో పాఠకుల్లో ఎవరైనా రాసి పంపితే ఇంకా మంచిది.

గుడ్డ శెనక్కాయలు 26 ఇస్తే 19 తిరిగొచ్చాయి. ఈ చుట్టుపక్కల ఏ స్కూలు వాళ్లకైనా కావాలంటే ఇస్తాను, తక్కువపడితే కుట్టి పెడతాను. చుడీదార్ గుడ్డ ఇంకా మిగిలే ఉంది.

ఇట్లు,
ఒక అవ్వ,
మారతహళ్లి, బెంగళూరు