రెండో చరణం తీసేయవద్దు

మల్లేశ్వరం,
బెంగళూరు.

చిరంజీవి అమ్మలుకు,

ఆశీస్సులు. నువ్వు పంపిన పాట, దానితో పాటు రాసిన నాలుగు ముక్కలూ అందాయి. నాయనమ్మ మీద రాసిన ఈ పాటను వచ్చే నెల హైదరాబాదులోని కళావేదిక లామకాన్‌లో పాడబోతున్నావని తెలిసి అమ్మా నేనూ ఎంతో సంతోషించాము. అయితే రెండో చరణం మరీ ఇంటి సంగతిగా ఉందని, పరాయివాళ్లకు అది ఏం పడుతుందని, దాన్ని తీసేసి ఆ చోట ప్రేమ గురించీ జ్ఞాపకాల గురించీ అందరికీ తగిలే మాటలేవో వేద్దామనుకుంటున్నానని రాశావు. ఆ చరణం తీసేయవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోనులో చెబితే "సరే నాన్నా" అని ఊరుకుంటావు, అందుకని కాగితం మీద పెడుతున్నాను.

పోయిన ఆదివారం జయనగరంలో ఒక చిన్న హాలులో, పాట తానే రాసి, తానే బాణీ కట్టి, తానే పాడే ఒక అమ్మాయి కచేరీకి వెళ్లాను. బళ్లారి వైపు పిల్ల. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం కావడంతో రెండింటిలోనూ పాడింది. పక్కవాద్యాలు లేవు. ఒక గిటారు, ఒక మైకు, స్టూలు మీద నీళ్ల సీసా, అంతే. మొదటి పాటలు వినడానికి హాయిగానే ఉన్నాయి గాని వాటిలో ఒక్క ముక్క కూడా ఇప్పుడు నా నోటికి రావడం లేదు. వానలు, దూరాలు, ఎడబాట్లు ఎవరి పాటలోనైనా ఇంచుమించు అలాగే ఉంటాయి. తరువాత ఆమె గిటారు శ్రుతి సరిచేసుకుంటూ, తన తండ్రి లారీ నడిపేవాడని, ఏ ఊరి నుంచి ఫోను చేసినా అన్నం తిన్నావా, తలుపు గడియ పెట్టారా అని రెండే రెండు ప్రశ్నలు అడిగేవాడని, అంతకు మించి ఆయనకు మాటలు వచ్చేవి కావని చెప్పి, పాట ఎత్తుకుంది.

ఆ పాటలో తండ్రి గొప్పవాడని ఎక్కడా లేదు. ఇనుప ఖనిజం తోలిన లారీల ఎర్ర దుమ్ము చొక్కా జేబు కుట్లలో ఎలా ఇరుక్కునేదో, తల్లి ఎంత ఉతికినా బకెట్టులో నీళ్లు ఎలా ఎర్రబడేవో ఉంది. టార్పాలిన్ తాళ్లు లాగి లాగి కాయలు కాసిన అరచేతితో ఆయన కూతురి జడ వేయబోతే వెంట్రుకలు చిక్కుకునేవని ఉంది. చివరిసారి పల్లవికి వచ్చేసరికి ఆమె అరచేత్తో తీగలను అదిమిపెట్టి, గిటారు లేకుండా, మామూలుగా మాట్లాడే గొంతుతోనే ఆ రెండు ప్రశ్నలూ పాడింది. అన్నం తిన్నావా అన్న చోట ఊపిరి చాలక మాట కాస్త తెగింది. స్టూడియోలో అయితే మళ్లీ పాడించి ఆ తెగిన చోటు సరిచేసేవారు. ఎదురుగా కూర్చున్న మాకు మాత్రం ఆ మాట ఎంత బరువైనదో ఆ తెగిన చోటే తెలిసింది.

పాట అయ్యాక నా పక్క కుర్చీలో ఉన్న పెద్దమనిషి, అంతకు ముందు నాతో ఒక్క మాటైనా మాట్లాడనివాడు, నా వైపు తిరిగి కన్నడంలో, "మా నాన్న బస్సు కండక్టరండీ, ఆదివారం కూడా చేతులకు చిల్లర డబ్బుల వాసన పోయేది కాదు" అన్నాడు. అమ్మలూ, ఆ మాట నువ్వు బాగా గుర్తుంచుకోవాలి. పాటలో బస్సు లేదు, చిల్లర లేదు. నాన్న ప్రేమ ఆకాశమంత అని ఆమె పాడి ఉంటే ఆయన తల ఊపి, చప్పట్లు కొట్టి, ఇంటికి వెళ్లిపోయేవాడు. ఆమె తన తండ్రి జేబులోని దుమ్మును చూపించింది కనుకనే ఆయనకు తన తండ్రి చేతుల వాసన గుర్తుకు వచ్చింది. నీ సంగతి ఎంత నీదిగా ఉంటే, వినేవాడు తన సంగతిని అంత త్వరగా తడుముకుంటాడు. అందరికీ తగలాలని నువ్వు వేయబోయే మాటలకు ఆ శక్తి లేదు.

ఇది మనకు కొత్త విషయమేమీ కాదు. మన రామదాసు, అదే కంచర్ల గోపన్న, గోల్కొండ చెరలో పడి రాముడి మీద పాడిన కీర్తనలో భక్తి గురించిన ఉపన్యాసం లేదు, ఖర్చుల పద్దు ఉంది. భరతుడికి పచ్చల పతకం చేయించాను, దానికి పదివేల వరహాలు పట్టింది, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, సీతమ్మకు చింతాకు పతకం అని తహసీలుదారు లెక్క ఒప్పజెప్పినట్టే ఒప్పజెబుతాడు. ఆ లెక్కలో నుంచే ఎవరబ్బ సొమ్మని కులుకుతున్నావన్న కోపం పుడుతుంది, ఆ కోపం చివర దెబ్బలకు ఓర్వలేక తిట్టానయ్యా అన్న వేడుకోలు అవుతుంది. ఇక్కడి చౌడయ్య హాలులో ఒక గాయకుడు ఈ కీర్తన పాడగా విన్నాను. నగల పేర్లను తొందర లేకుండా ఒక్కొక్కటిగా పాడి, తిట్టు దగ్గర గొంతు పెంచి, చివరికి గొంతు దించి నేల చూపులు చూస్తూ ముగించాడు. మూడు వందల ఏళ్లు దాటినా ఆ పద్దు ఇంకా మనల్ని కదిలిస్తున్నదంటే, పతకాల పేర్లు, వరహాల లెక్కా ఎవరూ తీసేయకపోవడం వల్లనే అని నేను నమ్ముతాను.

మన కాలంలో చూడు. గోరటి వెంకన్న పల్లె చెడిపోయిందని ఊరికే అనడు. కుమ్మరి వాములో తుమ్మలు మొలిచాయంటాడు, కమ్మరి కొలిమిలో దుమ్ము పేరిందంటాడు. వంగపండు, గద్దర్ వేల మంది ముందు కాళ్లకు గజ్జెలు కట్టి ఆడి పాడినప్పుడు జనం నిలబడిపోయింది ఇలాంటి మాటల దగ్గరే. సినిమా పాటను నేను చిన్నచూపు చూడడం లేదు, నా యౌవనమంతా దానితోనే గడిచింది. కాని అక్కడ మాట ఒకరిది, బాణీ ఒకరిది, గొంతు మరొకరిది, బాధ ఏమో తెర మీది పాత్రది. రాసినవాడే నిలబడి పాడేటప్పుడు, ఇది ఇతనికి జరిగింది, ఇప్పుడు మళ్లీ మన ఎదుట జరుగుతున్నది అన్న నమ్మకం వినేవాడికి కలుగుతుంది. కచేరీలో కథ పండేది ఆ నమ్మకం మీదనే.

2025 ఫిబ్రవరిలో నువ్వు పట్టుబట్టి నన్ను ఇక్కడి నైస్ మైదానానికి, ఇంగ్లీషు గాయకుడు ఎడ్ షీరన్ కచేరీకి తీసుకువెళ్లావు. అంత పెద్ద మైదానంలో ఒక్కడే నిలబడి, పాడినదాన్నీ వాయించినదాన్నీ పట్టుకుని తిరిగి తిరిగి వినిపించే లూపర్ మీటను కాలితో నొక్కుతూ, తన గిటారు దరువు మీద తన గొంతునే పొరలు పొరలుగా పేర్చుకుంటూ పోవడం చూసి నేను ఆశ్చర్యపోయాను. గాయని శిల్పారావు వేదిక ఎక్కి, ఆయన మన తెలుగు పల్లవి అందుకున్నప్పుడు జనం వేసిన కేకలు ఇంకా నా చెవుల్లో ఉన్నాయి. అయితే నేను చెప్పదలచుకున్నది ఆయన 2017 నాటి ఆల్బంలోని ఒక పాట గురించి. వాళ్ల అమ్మమ్మ పోయినప్పుడు తన తల్లి మాట్లాడుతున్నట్టుగా రాసిన పాట అది. కిటికీ గట్టు మీద ఉన్న, సూపర్ మార్కెట్టులో కొన్న పూలు తీయడం, కప్పులో మిగిలిన నిన్నటి టీ పారబోయడం, ఇలా గది సర్దే పనులతో మొదలవుతుంది. మొదట దాన్ని ఆల్బంలో పెట్టే ఉద్దేశం ఆయనకు లేదట. ఇది తప్పకుండా ఉండాలని తాతగారు చెప్పిన మీదట పెట్టాడట. ఇంటి సంగతి అని లోపలే దాచుకుని ఉంటే, ఆ ముసలమ్మ ఎవరో తెలియని లక్షల మంది దాన్ని తమ పాటగా పాడుకునేవారు కాదు.

ఇప్పుడు నీ రెండో చరణానికి వస్తాను. వంటింటి తలుపు వెనక తిరుపతి క్యాలెండరు, పాలు పోయించుకున్న రోజుకు నాయనమ్మ పెన్సిలుతో పెట్టిన అడ్డగీత, సగం నెల దాటాక ఏ గీతా లేని ఖాళీ గళ్లు. ఇంతకన్నా బాగా చావును గురించి నువ్వు ఏం రాస్తావు, చెప్పు. ఆ క్యాలెండరును మేము ఇంకా తీయలేదు. నిన్న దగ్గరికి వెళ్లి చూశాను. శుక్రవారాలకు రెండు గీతలున్నాయి, పరమాన్నం కోసం ఎక్కువ పాలు తీసుకునేది కదా. ఆ రెండు గీతల మాట నీ పాటలో లేదు, వీలైతే చేర్చు. ఫోటో తీసి పంపుతున్నాను.

పాడేటప్పుడు ముందు మాటలు రెండు మూడు వాక్యాలకు మించనివ్వకు. నాయనమ్మ ఎవరో చెప్పు చాలు, గీతల సంగతి ముందే చెప్పేస్తే చరణానికి పని ఉండదు. ఖాళీ గళ్ల దగ్గర గిటారు తగ్గించు, అవసరమనిపిస్తే పూర్తిగా ఆపెయ్యి. గొంతు వణికితే వణకనివ్వు, దాన్ని కప్పిపుచ్చాలని గట్టిగా పాడకు. సౌండు చూసే కుర్రాళ్లకు మాటలు స్పష్టంగా వినబడాలని సాయంత్రమే చెప్పి పెట్టుకో, జనం వచ్చాక వాళ్లకు నీ మాట వినే తీరిక ఉండదు.

మేము కాచిగూడ ఎక్స్‌ప్రెస్‌కు టిక్కెట్లు తీసుకున్నాము. నీ కార్యక్రమం నాటి ఉదయానికే అక్కడ ఉంటాము. అమ్మ ముందు వరుసలో కూర్చుంటానంటున్నది. నీకు ఎదురుగా అమ్మ ఉంటే పాడడం కష్టమవుతుందేమో ముందే చెప్పు, వెనక కూర్చోబెడతాను.

ఇట్లు,
నాన్న