బేస్‌బాల్ జట్టు ఎంపిక పిచర్‌తో మొదలవ్వాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. విజయవాడ, గుంటూరు కళాశాలల్లో రాబోయే అంతర్ కళాశాలల బేస్‌బాల్ పోటీలకు జట్లు కట్టే సమయం దగ్గరపడింది. చాలా చోట్ల ఏటా నడిచే పద్ధతి ఒకటే. పోటీల తేదీలు వచ్చాక, వారం పది రోజుల ముందు, క్రికెట్ జట్టులో చోటు దక్కని కుర్రాళ్లను గ్రౌండుకి పిలుస్తారు. నాలుగు బంతులు కొట్టిస్తారు. దూరం కొట్టినవాళ్ల పేర్లు రాసుకుంటారు. పిచర్, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడు, ఎవరన్నది ఆఖరున, ఒక్కోసారి మ్యాచ్ పొద్దున, తేలుతుంది. ఈ వరస తలకిందులైతే తప్ప మన జట్ల తీరు మారదు. ముందు పిచర్లు, ఆ తర్వాత బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్లు, మిగతావాళ్లు వాళ్ల తర్వాతే. ఎంపిక చేసే ఫిజికల్ డైరెక్టర్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మొదట పాత జట్టులో నికరంగా ఎవరు మిగిలారో తేల్చుకోవాలి. డిగ్రీ మూడో ఏడాది వాళ్లకు ఒక సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్ ఉంటుంది. ఆ సెమిస్టర్, పోటీలు ఒకేసారి వస్తే కుర్రాడు హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉంటాడు, పేరు మాత్రం జాబితాలో ఉంటుంది. కాబట్టి ఎవరికి ఏ సెమిస్టర్‌లో ఇంటర్న్‌షిప్ పడిందో ఇప్పుడే అడిగి రాసుకోండి. పక్క కాలేజీ నుంచి అప్పు తెచ్చుకునే వీలూ లేదు. గుంటూరు డిగ్రీ కళాశాలలు నాగార్జున విశ్వవిద్యాలయం కింద, విజయవాడవి 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయం కింద ఆడతాయి. ఇంజినీరింగ్ కాలేజీల్లో చాలావాటికి కాకినాడ జేఎన్టీయూ గొడుగు. విశ్వవిద్యాలయాల పోటీలకు పాతికేళ్ల వయోపరిమితి ఉంది. పదో తరగతి సర్టిఫికెట్, ఇంటర్ మార్కుల జాబితా, ఈ ఏడాది ఫీజు రసీదు జిరాక్సులు ఎంపిక మొదటి రోజే తీసుకుంటే, బస్సెక్కే ముందు రాత్రి పరుగులు పెట్టే పని ఉండదు.

ఇక పిచర్. క్రికెట్‌లో వేగంగా బౌలింగ్ వేసేవాడు ఇక్కడా వేగంగా వేస్తాడనుకోవడం దగ్గరే మొదటి పొరపాటు జరుగుతోంది. క్రికెట్ పిచ్ 22 గజాలు, అంటే 66 అడుగులు. పిచర్ నిలబడే రబ్బరు పలక నుంచి, బ్యాటర్ పక్కన నేల మీదుండే హోమ్ ప్లేట్ కొసకు 60 అడుగుల 6 అంగుళాలు. దూరం తక్కువే కదా అనిపిస్తుంది. కానీ బౌలర్‌కి పరుగు తోడుంటుంది, చేయి చాచి వేస్తాడు, బంతి నేలను తాకి లేస్తుంది. పిచర్ పాదం రబ్బరు మీదే ఉండాలి. బలమంతా కాళ్ల నుంచి నడుముకు, నడుము నుంచి భుజానికి రావాలి, మోచేయి వంగి కొరడాలా విచ్చుకోవాలి. పైగా బేస్‌బాల్ 142 నుంచి 149 గ్రాములు, క్రికెట్ బంతి కన్నా తేలిక, చుట్టుకొలత మాత్రం కొంచెం ఎక్కువ. ఏళ్ల తరబడి చేయి చాచి వేసిన అలవాటు వారంలో పోదు. ఇంకొక చిక్కు: క్రికెట్ బౌలర్ పరుగు మధ్యలో ఆగిపోయినా నష్టం లేదు, వెనక్కి వెళ్లి మళ్లీ వస్తాడు. బేస్ మీద, అంటే పరుగు తీసేవాళ్లు ఆగే చోట, రన్నర్ ఉండగా పిచర్ కదలిక మొదలుపెట్టి ఆగిపోతే అది బాక్ అనే తప్పు, రన్నర్లందరూ ఒక్కో బేస్ ముందుకు జరుగుతారు.

అందుకని బౌలర్ల కన్నా, బౌండరీ దగ్గర నుంచి వికెట్ల మీదకు సూటిగా విసిరే ఫీల్డర్‌ను చూడండి. అథ్లెటిక్స్ జట్టులో జావెలిన్ విసిరేవాళ్లను తప్పనిసరిగా పిలవండి. 2008లో అమెరికా వాళ్లు మన దేశంలో పిచర్ల కోసం పోటీ పెడితే ముందు నిలిచి, అక్కడి వృత్తి జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్న రింకూ సింగ్ (క్రికెటర్ రింకూ కాదు), దినేశ్ పటేల్ ఇద్దరూ జావెలిన్ నుంచి వచ్చినవాళ్లే. మోచేతిని ముందుకు నడిపించే కదలిక ఆ ఆటలో ముందే అబ్బి ఉంటుంది.

పరీక్ష పెట్టడానికి రాడార్ గన్ అక్కర్లేదు. రెండు కర్రలు పాతి, మోకాలి ఎత్తులో ఒక పురికొస, ఛాతీ ఎత్తులో ఒక పురికొస అడ్డంగా కట్టండి. వాటి మధ్య 17 అంగుళాల ఎడంతో మరో రెండు నిలువుగా కట్టండి. ప్లేట్ వెడల్పు అంతే. కుర్రాడితో ఒళ్లు వేడెక్కాక 20 బంతులు వేయించి, ఆ చట్రంలోంచి ఎన్ని వెళ్లాయో లెక్కపెట్టండి. 12 వెళ్తే అతన్ని పిచర్‌గా తయారుచేయొచ్చు. ఎనిమిదికి లోపైతే ఎంత వేగం ఉన్నా ఈ ఏడాదికి అవుట్‌ఫీల్డ్‌లో ఉంచండి. చట్రం బయటికి పోయి, బ్యాటర్ ఊపకుండా వదిలేసిన బంతిని బాల్ అంటారు. అలాంటివి నాలుగు పడితే బ్యాటర్ బ్యాటు ఊపకుండానే మొదటి బేస్‌కి నడిచి వెళ్తాడు. మన స్థాయి పోటీల్లో పరుగులు ఎక్కువగా పుట్టేది గట్టి దెబ్బల నుంచి కాదు, ఈ నడకల (వాక్‌ల) నుంచి, క్యాచర్ వదిలేసిన బంతుల నుంచి. వేగం తర్వాతైనా పెంచుకోవచ్చు, వాక్‌లిచ్చే పిచర్ మాత్రం మొదటి ఇన్నింగ్స్‌లోనే మ్యాచ్ పోగొడతాడు.

ఎంతమంది పిచర్లు కావాలి? ఇక్కడ లెక్క వేసుకోవాలి. చక్కగా వేసే పిచర్‌కి ఇన్నింగ్స్‌కి 15 బంతులు పడతాయి. మన కుర్రాళ్లకు 20 అనుకోండి. మ్యాచ్‌కుండే తొమ్మిది ఇన్నింగ్స్‌కి 180 బంతులు, ఏడింటికే ఆడించినా 140. అమెరికాలో వృత్తి జట్లాడే మేజర్ లీగ్, అక్కడి జాతీయ బేస్‌బాల్ సంఘం కలిసి 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 19 నుంచి 22 ఏళ్ల పిచర్ ఒక రోజులో 120 దాటకూడదు, 17, 18 ఏళ్లవాళ్లు 105 దాటకూడదు. 30 బంతుల్లోపు అయితే మర్నాడు వేయొచ్చు. 31 నుంచి 45 వేస్తే ఒక రోజు, 60 దాకా వేస్తే రెండు రోజులు, 80 దాకా వేస్తే మూడు రోజులు, 105 దాకా వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి. ఈ పరిమితులు చిన్నప్పటి నుంచి వేస్తూ వచ్చిన చేతులకు. రెండు నెలల కిందట మొదలుపెట్టిన మన పిచర్‌కి రోజుకు 60 చాలు. మన పోటీలు రోజుకో మ్యాచ్ చొప్పున మూడు నాలుగు రోజుల్లో అయిపోతాయి. అంటే మొదటి రోజు 70 బంతులు వేసినవాడు ఫైనల్ దాకా లేనట్టే.

అమెరికా కళాశాలల జట్ల కూర్పు చూస్తే ఈ లెక్క ఇంకా తేటపడుతుంది. పై స్థాయి అయిన మొదటి డివిజన్‌లో, ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లించే వీలిచ్చే కొత్త ఒప్పందంలో చేరిన కళాశాలలకు 2025-26 నుంచి జట్టుకు 34 మంది పరిమితి. అందులో సుమారు సగం మంది పిచర్లే ఉంటారు. వాళ్లు ఫిబ్రవరి మధ్య నుంచి, సాధారణ సీజన్‌లోనే 56 మ్యాచ్‌ల వరకు ఆడతారు కాబట్టి మనకు అంతమంది అక్కర్లేదు. కానీ 16 పేర్ల జాబితాలో ఇద్దరే పిచర్లుంటే అది జట్టు కాదు. నలుగురు ఖాయం పిచర్లు, ఇద్దరు క్యాచర్లు, బేస్‌ల దగ్గర నిలబడే ఇన్‌ఫీల్డర్లు ఆరుగురు, నలుగురు అవుట్‌ఫీల్డర్లు ఉంటే మంచిది. ఆ ఇన్‌ఫీల్డర్లలో ఇద్దరైనా అవసరానికి ఒకటి రెండు ఇన్నింగ్స్ వేయగలగాలి. క్యాచర్‌ను మాత్రం పిచర్‌గా దించొద్దు. పిచర్ తర్వాత ఎక్కువ బంతులు విసిరేది అతనే.

ఎంపికైన నలుగురినీ ఆరు వారాల ముందు మొదలుపెట్టించాలి. మొదటి వారం రోజు విడిచి రోజు 30 బంతులు, తర్వాత వారానికి పది చొప్పున పెంచుకుంటూ నాలుగో వారానికి 60, ఆ పైన పెంచొద్దు. మూడో వారం దాకా ముప్పాతిక బలంతోనే. గాలిలో వంపు తిరిగే కర్వ్‌బాల్ నేర్పాలన్న తొందర వద్దు, ఒక ఫాస్ట్‌బాల్, దాన్నే వేళ్లు మార్చి నెమ్మదిగా వేసే చేంజప్ ఈ స్థాయికి సరిపోతాయి. మోచేతి లోపలివైపు నొప్పి అన్నాడంటే ఆ రోజుకి ఆపేయాలి. స్ప్రే కొట్టి మళ్లీ నిలబెట్టడం నేరంతో సమానం. అక్కడి లిగమెంట్ తెగితే చేసే శస్త్రచికిత్స 1974 నుంచి ఉంది, కానీ కోలుకోవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. మన కుర్రాడి డిగ్రీ అయిపోతుంది, ఖర్చు ఇంటివాళ్ల మీద పడుతుంది. నొప్పి చెప్పని కుర్రాళ్లూ ఉంటారు, వాళ్లను బంతి పట్టిస్తుంది. వరసగా ఎత్తులో పోతున్నాయంటే, విసిరేటప్పుడు మోచేయి భుజం కన్నా కిందికి జారుతోందంటే అలసిపోయాడన్నమాట.

క్యాచర్ విషయంలో వికెట్ కీపర్‌నే తీసుకోవడం సహజం, మంచిదే, కానీ రెండు అలవాట్లు మాన్పించాలి. కీపర్ పక్కకు జరిగి బంతి పట్టుకుంటాడు. క్యాచర్ నేలకు తగిలే బంతికి మోకాళ్ల మీద పడి ఒంటితో అడ్డుకోవాలి. కీపర్ రెండు చేతులూ ముందుకు చాపుతాడు. క్యాచర్ కుడిచేతిని వెనక దాచుకోకపోతే, బ్యాటు అంచుకు తగిలి వెనక్కి వచ్చే ఫౌల్ బంతి తగిలి వేలు విరుగుతుంది. క్రికెట్ ప్యాడ్లు కట్టుకుని కూర్చోబెట్టే చోట్లు ఇంకా ఉన్నాయి. వాటితో గొంతుకూ ఛాతీకీ రక్షణ లేదు, గొంతుక్కూర్చుంటే మోకాలు మడవనివ్వవు. మాస్కు, గొంతు కవచం, ఛాతీ కవచం, షిన్ గార్డులు, గజ్జలకు పెట్టుకునే కప్పు లేకుండా ఎవరినీ ప్లేట్ వెనక కూర్చోబెట్టొద్దు, ప్రాక్టీసులో కూడా.

క్యాచర్ చేతిబలాన్ని ఫోన్‌లోని స్టాప్‌వాచ్‌తో కొలవొచ్చు. హోమ్ నుంచి రెండో బేస్‌కి 127 అడుగుల పైచిలుకు, దాదాపు 39 మీటర్లు. పిచర్ బంతి క్యాచర్ గ్లవ్‌లో పడ్డ చప్పుడు నుంచి రెండో బేస్ దగ్గర పట్టిన చప్పుడు దాకా రెండు సెకన్లయితే గొప్ప, 2.3 అయితే ఆడించొచ్చు. పిచర్ కాలెత్తినప్పటి నుంచి బంతి ప్లేట్ చేరే దాకా 1.3 సెకన్లుండాలి. మొదటి బేస్ నుంచి పది పన్నెండు అడుగులు ముందుకొచ్చి నిలబడ్డ వేగమైన రన్నర్ రెండో బేస్‌కి 3.5 సెకన్లలో చేరతాడు. మన పిచర్ 1.6, క్యాచర్ 2.4 తీసుకుంటే మొత్తం నాలుగు సెకన్లు, అంటే ప్రతి స్టీల్ (బంతిని కొట్టకుండానే రన్నర్ తర్వాతి బేస్‌కి పరుగెత్తి చేరడం) ఎదుటి జట్టుదే. చాలా జట్లు ఇందులో తప్పంతా క్యాచర్ మీద వేస్తాయి. సగం పైగా పిచర్ దగ్గరే ఉంటుంది, అతని కాలు తక్కువ ఎత్తితే రెండు వారాల్లో తేడా వస్తుంది. ఇదే లెక్క మనకూ వరం: ఖోఖో ఆడే కుర్రాళ్లు ఒకరిద్దరిని తీసుకోండి. మొదటి మూడు అడుగుల చురుకు, నేల మీదకు దూకే ధైర్యం వాళ్లకున్నంతగా క్రికెట్ ఆడేవాళ్లకు ఉండవు.

ఇన్‌ఫీల్డ్‌లో ఎడమచేతి వాటం కుర్రాణ్ని రెండో బేస్, షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య చోటు), మూడో బేస్‌లలో పెట్టకండి. మొదటి బేస్‌కి విసరాలంటే ఒళ్లంతా తిప్పుకోవాలి, ఆ అరక్షణంలో రన్నర్ చేరిపోతాడు. అతనికి మొదటి బేస్, అవుట్‌ఫీల్డ్ ఉన్నాయి, చట్రం పరీక్ష నెగ్గితే పిచర్‌గా ఇంకా విలువైనవాడు. అతని గ్లవ్ కుడిచేతికి తొడిగేది, విడిగా కొనాలి. స్టోర్‌లో ఉన్నవాటితో సర్దుకోమంటే ఆ కుర్రాడు పనికిరాకుండా పోతాడు.

బ్యాటింగ్ గురించి తక్కువే చెబుతాను, దాని మీద శ్రద్ధ ఎలాగూ ఉంది. బంతి పడాల్సింది హోమ్ దగ్గర 90 డిగ్రీల కోణంలోనే. లేట్ కట్, గ్లాన్స్ ఇక్కడ ఫౌల్. బ్యాటు వదిలేసి పరుగెత్తడం మొదటి రోజు నుంచే అలవాటు చేయాలి. డిఫెన్స్ బాగా ఆడే బ్యాటర్‌ను చిన్నచూపు చూడొద్దు, బ్యాటు అడ్డుపెట్టి బంతిని దగ్గర్లోనే మెల్లగా పడేసే బంట్‌కి అతనే తగినవాడు. రెండు స్ట్రైక్‌ల (ఊపి తప్పినవి, చట్రంలోంచి పోతున్నా వదిలేసినవి, ఫౌల్ కొట్టినవి) తర్వాత బంట్ ఫౌల్ అయితే అవుట్ అని మాత్రం చెప్పి పంపండి. డబ్బు మిగులుతుందని సాఫ్ట్‌బాల్ బ్యాటుతో బేస్‌బాల్ కొట్టించొద్దు. దాని బ్యారెల్ 2¼ అంగుళాలు, బేస్‌బాల్ బ్యాటుది 2⅝ దాకా ఉంటుంది. గట్టి బంతికి సాఫ్ట్‌బాల్ బ్యాటు సొట్టలు పడి పోతుంది.

గ్రౌండు సంగతి. మనది నల్లరేగడి. ఎండితే నెర్రెలు, తడిస్తే జిగట, తుపాన్ల రోజుల్లో వారం పాటు అడుగు పెట్టనివ్వదు. ఆ వారానికి ఇండోర్ స్టేడియంలోనో షెడ్డులోనో నెట్ కట్టి పిచర్ల చేతులు ఆగకుండా చూడాలి. నిబంధనల ప్రకారం మౌండ్, అంటే పిచర్ నిలబడే దిబ్బ, 10 అంగుళాల ఎత్తు, 18 అడుగుల వ్యాసం, రబ్బరు ముందు ఆరు అంగుళాల నుంచి అడుగుకు అంగుళం చొప్పున వాలు. క్రికెట్, ఫుట్‌బాల్ ఆడే గ్రౌండులో మట్టితో దాన్ని కట్టనివ్వరు, సరే. చెక్క చట్రం మీద మందపాటి ప్లైవుడ్ కొట్టి, పైన కాయిర్ చాప బిగించి అదే వాలుతో ఒకటి చేయించుకుంటే, ఆట అయ్యాక ఇద్దరు మోసి గోడకు ఆనిస్తారు. చదును నేల మీద రెండు నెలలు వేసినవాడు పోటీల్లో మౌండ్ ఎక్కితే ముందుకాలు అనుకున్న క్షణానికి నేలను తాకదు, చేయి ముందే విడిచేస్తుంది, బంతి బ్యాటర్ తల మీదుగా పోతుంది.

చివరిగా మీకో మనవి. జిల్లా క్రీడల పేజీలో కళాశాలల బేస్‌బాల్ ఫలితం వేసేటప్పుడు గెలిచిన జట్టు, పరుగులు, ముఖ్య అతిథి పేరుతో ఆపకుండా, ఏ పిచర్ ఎన్ని బంతులు వేశాడు, ఎన్ని వాక్‌లు ఇచ్చాడు అన్న రెండు వరసలు కూడా అడిగి వేయండి. స్కోరర్ దగ్గర ఆ కాగితం ఉండాలి. లేదంటే, నిన్న 110 బంతులు వేసిన కుర్రాణ్నే ఇవాళ మళ్లీ మౌండ్ ఎక్కిస్తున్నా లెక్కపెట్టేవాళ్లు ఆ గ్రౌండులో లేరని మీ విలేకరికి అర్థమవుతుంది.

ఇట్లు,
కళాశాలల బేస్‌బాల్ శిక్షకుడు,
గుంటూరు