బయటి మెట్లు

చిన్నీ,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాలి నొప్పి మామూలే. నువ్వు ఫోన్ చేసి పంతొమ్మిది రోజులైంది. నేనేం లెక్కపెట్టుకోలేదులే, క్యాలెండర్ ఎదురుగా ఉంది కాబట్టి తెలిసింది.

మొన్న కొండారెడ్డి బురుజు దగ్గర సత్తి కనబడ్డాడు. నువ్వు బిల్డర్‌తో గొడవపడ్డావని, ఉద్యోగం మానేస్తావేమోనని అన్నాడు. వాడి మాటలు నేను నమ్మను. టీ తాగి వచ్చేశాను.

ఉగాదికి వచ్చినప్పుడు ఆ టవర్ ప్లాను చూపించావు కదా. అమీర్‌పేటలో మూడు వైపులా బిల్డింగులు, ఒకవైపే రోడ్డు. కింద షాపులు, మీద ఫ్లాట్లు. ఫ్లాట్ల పిల్లర్లు దిగొచ్చి సరిగ్గా పార్కింగ్ దారిలో పడుతున్నాయని తల పట్టుకున్నావు. ఫైరింజన్ తిరగడానికి జాగా అన్నావు. 24 మీటర్లు దాటితే మంటలప్పుడు జనం ఆగడానికి పైన కూడా చోటు వదలాలన్నావు. ఇన్ని వదిలితే ఇంక కట్టేదెక్కడ అని నేను నవ్వితే, ఉగ్గాని ప్లేటు వదిలేసి లేచిపోయావు.

ఫ్లాట్లకు వేరే మెట్లెందుకు, షాపుల మెట్లే చాలని బిల్డర్ పట్టుబట్టాడట. ఆ చోట ఇంకో షాపు వస్తుందట. చూడమ్మా, డబ్బు పెట్టేవాడికి ప్రతి అడుగూ లెక్కే. మన పాత ఇల్లు రెండు సెంట్లు. కింద కొట్టు, మీద మనం. బయటి మెట్లు తీసేస్తే కొట్టు మూడడుగులు పెరుగుతుందని నేనూ మేస్త్రీ ఒకటే పోరు. మీ జేజి వినలేదు. "కొట్టుకు తాళమేసినా ఇంటికి దారి ఉండల్ల" అంది. నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు నేను.

2009లో గాంధీ జయంతి నాడు తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చినప్పుడు కొట్లో బియ్యం బస్తాలు నాని షట్టరుకు అడ్డం పడ్డాయి. ఎంత లాగినా లేవలేదు. వీధిలో వాళ్లంతా ఆ బయటి మెట్ల మీదే మన మిద్దెక్కారు. ఇరవై ముగ్గురు, హుసేన్‌బీ చంకలో మేకపిల్ల. నువ్వు టార్చి వేసి మునగని మెట్లు లెక్కపెట్టావు. పదిహేడులో ఐదు మిగిలాయి. జేజి ఏమంటుందోనని ఆ రాత్రి ఆమె మొహం చూడలేదు నేను. ఆమె అందరికీ బొరుగులు పంచుతూ కూర్చుంది.

ఏదో చెప్పబోయి ఎక్కడికో పోయాను. ఉద్యోగం తొందరపడి వదలొద్దు. మీటింగులో గొంతు పెంచకు, అది నా నుంచే వచ్చింది నీకు. రాత్రిళ్లు వేళకు తిను, కంప్యూటర్ ముందు కాదు.

బస్సులో చెనక్కాయల పొడి, కొర్రలు పంపుతున్నా. మూతకు టేపు వేశాను. ఆ స్టీలు డబ్బా మీ అమ్మకు వెనక్కి కావాలట.

మెట్లు ప్లానులో ఉన్నాయా, తీసేశారా? అదొక్కటి ఫోన్ చేసి చెప్పు.

మీ నాయన