వీధి పేరు కింద ఒక్క వాక్యం రాయించండి

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరులో ముప్పయ్యేళ్ళు ఉత్తరాలూ మనియార్డర్లూ బట్వాడా చేసినవాడిని. ఇంటి నంబరు తప్పు పడినా, అసలు లేకపోయినా, వీధి పేరు సరిగా ఉంటే ఉత్తరం చేర్చేవాళ్ళం. ఈమధ్య కాలువ పనుల కోసం మా వీధి మొదట్లో ఉన్న పాత రాతి పలకను పీకేశారు. దాని స్థానంలో వచ్చిన కొత్త బోర్డు మీద డివిజన్ నంబరు ఉంది, ఒక నాయకుడి ఫొటో ఉంది, వీధి పేరు మాత్రం లేదు. అదేమని అడిగితే, "పేరెందుకు తాతా, ఫోనులో మ్యాపు ఉంది కదా" అన్నాడు బోర్డు బిగిస్తున్న కుర్రవాడు.

మ్యాపు దారి చూపిస్తుంది, కాదనను. దర్గామిట్టకు ఆ పేరెలా వచ్చిందో మాత్రం చెప్పదు. స్వర్ణాల చెరువు గట్టున ఉన్న బారాషహీద్ దర్గా అంటే పన్నెండు మంది అమరుల దర్గా. 'మిట్ట' ఎత్తయిన నేలకు మన తెలుగు మాట, 'దర్గా' పారశీకం నుంచి వచ్చింది. ఆ రెండూ ఒకే మాటగా కలిసిపోయాయి. రొట్టెల పండుగకు ఆ గట్టున రొట్టెలు మార్చుకునేవాళ్ళను చూసినవారికి ఇది వింతగా తోచదు.

స్టోన్‌హౌస్‌పేటను రాతి ఇళ్ళ పేట అనుకునే పిల్లలను చూశాను, పెద్దలనూ చూశాను. అది ఒకప్పటి కలెక్టరు స్టోన్‌హౌస్ దొర పేరు. దొర పేరు మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. నేనైతే ఉంచమంటాను. ఆ దొరను తలచుకునేవారు ఇప్పుడు ఎవరున్నారు? 'పేట' మన మాటే కాబట్టి ఆ పేరూ మనదైపోయింది. ట్రంకు రోడ్డు మరో ఉదాహరణ. మద్రాసు నుంచి కలకత్తా వెళ్ళే బాట ఊరి నడుమ సాగిన కాలం నాటి పేరది. జాతీయ రహదారి ఊరి బయటికి తరలిపోయింది, పేరు ఇక్కడే ఉండిపోయింది. ఇక పొగతోట! పొగాకు తోటలుండేవని మా పెద్దలు చెప్పిన చోట నేడు వరసగా ఆసుపత్రులు. దగ్గుతూ అక్కడికి వెళ్ళే రోగులకు ఆ పేరు వింటే ఏమనిపిస్తుందో!

వి.ఆర్.సి. సెంటర్‌లో రోజూ బస్సు దిగే విద్యార్థుల్లో అది వెంకటగిరి రాజా కళాశాల అని విడమరిచి చెప్పగలిగేవారు ఎందరు? మూలస్థానేశ్వరుడి గుడి ఉన్న మూలాపేటలోనే, వేణుగోపాలస్వామి ఆలయంలోకి దళితులను రానివ్వాలని 1946లో పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష చేశారు. 1952 నాటి దీక్ష అందరికీ తెలుసు, 2008లో జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం. ఆయన మన వీధిలో చేసిన దీక్ష గురించి ఆ వీధి మొదట్లో ఒక్క ముక్క రాసి ఉండవద్దా?

నా మనవి ఒక్కటే. కొత్త బోర్డుల మీద పాత పేరు పెద్ద అక్షరాల్లో, ఆ పేరు ఎలా వచ్చిందో దాని కింద ఒక్క వాక్యంలో రాయించాలి. రుజువు దొరకని చోట పేరు చాలు, కట్టుకథ అతికించవద్దు. రెండు వాదాలుంటే రెండూ రాయవచ్చు. మన ఊరి పేరునే కొందరు నెల్లి, అంటే ఉసిరి, చెట్టుతో ముడిపెడతారు, కొందరు నెల్లు, అంటే వడ్లు, అంటారు. ఫొటోలకు చోటు దొరికిన బోర్డు మీద రెండు వరసలకు చోటు లేకపోదు.

మా వీధి పలక ఇంకా కాలువ పక్కనే పడి ఉంది. ఒక మూల పెచ్చు ఊడింది గానీ అక్షరాలు చెక్కుచెదరలేదు.

ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి,
నెల్లూరు