మొబైల్ స్టార్టర్ కొనే రైతుకు బ్యాటరీ లెక్క చెప్పాలి

సంపాదకులకు,

ఆర్యా,

మా దేవరకొండ చుట్టుపక్కల బోర్ల దగ్గర ఇప్పుడు ఎక్కడ చూసినా మొబైల్ స్టార్టర్లే. సిమ్ము వేసిన డబ్బా ఒకటి గోడకు బిగిస్తే చాలు, రైతు ఇంట్లో నుంచే ఫోన్ కొట్టి మోటారు వేసుకుంటాడు. కరెంటు పోయినా, ఒక ఫేజు పోయినా మెసేజ్ కూడా రావాలి. ఆ మెసేజ్ కోసమే లోపల చిన్న బ్యాటరీ పెడతారు. నేను మోటార్ వైండింగ్ షాపు నడుపుతాను, ఈ డబ్బాలూ రిపేరు చేస్తాను. నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం సరిగ్గా కరెంటు పోయిన రోజే మూగబోయినవి. రైతు బ్యాటరీని తిడతాడు. అసలు తప్పు మోడెం మాడ్యూల్‌ను, అంటే సిమ్ముతో కాల్, మెసేజ్ నడిపే చిన్న ముక్కను, పని లేనప్పుడు నిద్రపోనివ్వకుండా తయారుచేసిన వాళ్లది.

మీటర్ పెట్టి చూస్తే విషయం తెలిసిపోతుంది. ఈ డబ్బాల్లో వాడే 2జీ మాడ్యూల్ ఏ పనీ లేకుండా మేలుకుని కూర్చుంటే సుమారు 20 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. 2000 ఎంఏహెచ్ బ్యాటరీ అయితే నాలుగు రోజులకు ఖాళీ. ఇది కొత్త బ్యాటరీ సంగతి. మన ఎండలకు ఇనుప పెట్టెలో మాడి సగం సత్తువ పోయిన బ్యాటరీకి అందులో సగం కూడా ఆశ పెట్టుకోలేం. అదే మాడ్యూల్‌ను స్లీప్‌లో, అంటే నిద్రలో పెడితే 1 మిల్లీ ఆంపియర్ దగ్గరే ఆగుతుంది. నిద్రలో ఉంటే రైతు చేసిన కాల్ అందదేమో అనే భయం అక్కర్లేదు. స్లీప్‌లో ఉన్నా టవర్ పిలుస్తోందా లేదా అని సుమారు రెండు సెకన్ల లోపే ఒకసారి లేచి వింటుంది, కాల్ వస్తే పూర్తిగా మేల్కొంటుంది. ఇందుకు కంపెనీ చేయాల్సిందల్లా ఒక పిన్నుకు తీగ కలపడం, ప్రోగ్రాంలో ఒకటి రెండు లైన్లు రాయడం. అది కూడా చేయకుండా రైతుకు అమ్ముతున్నారు.

సిగ్నల్ సంగతి ఇంకా ముఖ్యం. టవర్ దగ్గరుంటే మాడ్యూల్ కొద్ది మిల్లీవాట్లతో మాట్లాడుతుంది. దూరమైతే 900 మెగాహెర్ట్జ్ బ్యాండులో 2 వాట్ల దాకా పెంచుతుంది. అప్పుడు బ్యాటరీ నుంచి ఒక్కో తడవకు 2 ఆంపియర్లు లాగుతుంది, సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువసేపే అయినా సరే. ముసలి బ్యాటరీ ఆ దెబ్బకు తట్టుకోలేక వోల్టేజీ జారిపోతుంది, మాడ్యూల్ ఆగి మళ్లీ మొదలవుతుంది. మళ్లీ టవర్ వెతుకుతుంది, మళ్లీ అదే దెబ్బ. డిండి వైపు తోటలో నుంచి తెచ్చిన ఒక డబ్బాను ఈ మధ్యే విప్పాను. యాంటెన్నాను ఇనుప పెట్టె లోపలే, బ్యాటరీ మీద చుట్టచుట్టి పెట్టారు. బ్యాటరీ ఉబ్బి దాని కింద ప్లాస్టిక్ పగిలింది. యాంటెన్నాను బయటికి తీసి కట్టెకు కట్టగానే అదే సిమ్ముకు సిగ్నల్ మంచిగా వచ్చింది. బయట పెట్టే యాంటెన్నాకు పెద్ద ఖర్చేమీ కాదు.

రాత్రిపూట చెలకలో కేబుల్ కోసుకుపోయే దొంగల గురించి మన పేపర్లలో చదువుతూనే ఉన్నాం. కరెంటు పోయిందన్న ఆ ఒక్క మెసేజ్ వస్తే రైతు టార్చి పట్టుకుని లేచి వెళ్తాడు. గాలివానకు స్తంభాలు పడి రెండు మూడు రోజులు లైను రాకపోతే, వచ్చిన రోజు డబ్బా బతికుంటేనే బత్తాయి చెట్లకు నీళ్లు. అందుకే ఇది చిన్న విషయమని వదిలేయలేకపోతున్నాను.

బత్తాయి తోటల్లో తేమ కొలిచే సెన్సార్లకైతే ఇంకా మంచి దారి ఉంది. వాటికి కాల్ రానవసరం లేదు, రోజుకు రెండుసార్లు లెక్క పంపితే చాలు. ఇలా తక్కువ కరెంటుతో చిన్న చిన్న లెక్కలు పంపడానికే చేసిన ఎన్‌బీ-ఐఓటీ, ఎల్‌టీఈ-ఎం రకం మాడ్యూళ్లలో పీఎస్‌ఎం (పవర్ సేవింగ్ మోడ్) అనే గాఢ నిద్ర పద్ధతి ఉంటుంది, అందులో లెక్క పంపే వేళల మధ్యలో కొద్ది మైక్రో ఆంపియర్లే ఖర్చవుతాయి. అయితే ఆ నిద్రకు నెట్‌వర్క్ ఒప్పుకోవాలి. మాడ్యూల్ అడిగినంత మాత్రాన రాదు, టవర్ వైపు కూడా ఆ సౌకర్యం పెట్టి ఉండాలి. పైగా జియోకు 2జీ లేదు కాబట్టి, ఆ సిగ్నల్ ఒక్కటే ఉన్న ఊళ్లో 2జీ డబ్బా కొన్న రైతు డబ్బు నీళ్లపాలే.

అందుకని నా విన్నపం. వ్యవసాయ, ఉద్యాన శాఖలు సబ్సిడీ ఇచ్చే ఏ పరికరానికైనా డబ్బా మీద నాలుగు ముక్కలు తెలుగులో అచ్చు వేయించాలి: మేలుకుని ఉన్నప్పుడు ఎంత తాగుతుంది, నిద్రలో ఎంత, కరెంటు లేకుండా ఎన్ని రోజులు నిలుస్తుంది, 2జీనా 4జీనా. బలహీనమైన సిగ్నల్‌లో పరీక్షించాకే ఆ రోజుల లెక్క రాయాలి, షోరూంలో టవర్ కింద కాదు. సెల్ కంపెనీలు కూడా పీఎస్‌ఎం ఏ మండలాల్లో పనిచేస్తుందో డీలర్లకు చెప్పాలి. కొనబోయే రైతులు అప్పటిదాకా ఆగకుండా, డబ్బు కట్టే ముందు ప్లగ్గు పీకి షాపులోనే రెండు రోజులు డబ్బా నడిపి చూపించమని అడగాలి.

ఇట్లు,
ఒక మోటార్ మెకానిక్,
దేవరకొండ, నల్లగొండ జిల్లా