పీటర్ పాన్‌తో స్నేహమా!

సుధా,

ఎలా ఉన్నావే? నీ ఉత్తరం నిన్ననే అందింది. ఎప్పటికీ పెద్దవాడు కాని ఆ కథల పిల్లాడు పీటర్ పాన్ లాంటి స్నేహితుడు ఒక్కడుంటే చాలునని రాశావు చూడు, అది చదివాక నీకు జవాబు రాసేదాకా ఊరుకోలేకపోయాను. నువ్వు చూసింది సినిమా. జేమ్స్ బారీ 1911లో రాసిన నవల చదివితే వాడంటే ఒళ్ళు జలదరిస్తుంది.

వెండీ అనే అమ్మాయి, ఆమె తమ్ముళ్ళు వాడితో వాడుండే మాయాద్వీపం నెవర్‌ల్యాండ్‌కి ఎగిరి వెళ్తుంటారా, దారి చాలా దూరం. నిద్ర ముంచుకొస్తుంది. కునుకు పడితే కిందికి పడిపోవడమే! చిన్నవాడు మైకేల్ అలా పడిపోతుంటే పీటర్ "అదిగో, మళ్ళీ!" అని కేరింతలు కొడతాడు. సముద్రాన్ని తాకబోయే ఆఖరి క్షణం దాకా ఆగి, అప్పుడు దూకి పట్టుకుంటాడు. తన నేర్పు చూపించుకోవడమే వాడికి ముఖ్యం, పిల్లాడి ప్రాణం కాదు. పైగా ఏ ఆటైనా వాడికి ఇట్టే మొహం మొత్తుతుంది. ఈసారి పడితే పట్టుకోకపోవచ్చని బారీ దాచకుండా చెప్పేస్తాడు.

అలాగని వాడిలో కుళ్ళు లేదే. నీళ్ళు చుట్టుముడుతున్న బండ మీద ఒంటరిగా నిలబడి, చావడం కూడా పెద్ద సాహసమే అనుకుంటాడు. తన చావునే అలా చూసేవాడికి పక్కవాడి చావంటే భయం ఎందుకుంటుంది?

నన్ను అన్నిటికంటే భయపెట్టేది వాడి మతిమరుపు. ఏడాది తిరిగేసరికి "కెప్టెన్ హుక్ ఎవరు?" అంటాడు. చంపాక మర్చిపోతాడట! పోనీ, హుక్ వాడి శత్రువు, సముద్రపు దొంగ. తన కోసం విషం తాగిన బుల్లి దేవకన్య టింకర్ బెల్‌ని కూడా ఎవరని అడుగుతాడు. అలాంటివాళ్ళు బోలెడుమంది, పోయి ఉంటుందిలే అంటాడు. ఇంటికి తిరిగొచ్చేసిన వెండీని ఏటా వసంతంలో వచ్చి తీసుకెళ్తానన్నాడు కదా, రెండో ఏడు రాడు. పాత గౌను పట్టక కొత్తది వేసుకుని ఎదురుచూస్తుంది పాపం. ఆ తర్వాతి ఏడు వచ్చినప్పుడు, మధ్యలో ఒక ఏడు రాలేదన్న సంగతే వాడికి తెలీదు. అక్కడ నాకు ఏడుపొచ్చేసింది.

ఇలా రాశాడని బారీకి పిల్లలంటే పడదనుకునేవు. ఈ కథ హక్కులు 1929లో లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి రాసిచ్చేసిన మనిషి ఆయన.

సంక్రాంతికి వచ్చేటప్పుడు పుస్తకం తెస్తాను. నాలుగో అధ్యాయం, చివరి అధ్యాయం తప్పకుండా చదువు. ఇంత జరిగాక కూడా వెండీ తన కూతురు జేన్‌ని వాడితో పంపుతుంది. సబబేనంటావా? నేనైతే ససేమిరా పంపను.

నీ
లక్ష్మి